ఉద్దానం ఇసుకలో వానపాముకు చోటేది?

పూండి నుంచి తీరం వైపు కొబ్బరి తోటల కింద పశువులు మేసే నేలలు ఎక్కువగా ఇసుక నేలలు. వాటిలో బంకమన్ను స్వల్పం కనుక కాల్షియం, మెగ్నీషియం నిలువక వాననీటితో అడుగుకు దిగిపోతాయి. అమ్మోనియం ఎరువులు ఏటా వేసిన చోట ఆమ్లత్వం కూడా త్వరగా పెరుగుతుంది. కాల్షియం కొరవడిన ఆమ్ల నేలలో అధిక భాగం వానపాము జాతులు మనలేవు. గరుకు ఇసుక రేణువులు వాటి మెత్తని చర్మానికీ ప్రతికూలమే.

2015లో ఆరంభమైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలున్నాయి. వాటిలో కాల్షియం లేదు. నేలజీవుల లెక్క అసలే లేదు. ఈ లోటును గమనించకుండానే వర్మికంపోస్టును సిఫారసు చేయడం పరిపాటి అయింది. కంపోస్టు తొట్టెలో పెంచే ఐసీనియా ఫెటిడా కుళ్ళే చెత్తలో బ్రతికే జాతి. ఒట్టి ఇసుకలో నిలవదు. కంపోస్టు మంచి ఎరువే, కాదనలేము. అయితే దానితోనే నేలలో వానపాములు స్థిరపడతాయని రైతుకు చెప్పడం శాస్త్రీయం కాదు.

ముందుగా చెరువు మట్టి తోలించాలి. తీరప్రాంతం కనుక అందులో ఉప్పు ఎంతో పరీక్షించాకే. ఉదజని సూచికను బట్టి సున్నం వేయించాలి. ఆపై ఏటా వర్షాకాలంలో 25 సెంటీమీటర్ల చదరాన, 30 సెంటీమీటర్ల లోతున మట్టి తవ్వి, జీవులను చేత్తో ఏరి లెక్కించాలి. ఇందుకు ఒక పార, ఒక గోనెపట్టా చాలు.