గృహారోగ్యము: నడుముకొలత



ప్రబంధములు చదివినవారికి నాయిక నడుము మాట క్రొత్త గాదు. అది యున్నదో లేదో తెలియకున్నదని కవులు చమత్కరించిరి. బాల్యమున మా తండ్రిగారి యొద్ద ఆ పద్యములు చదువుకొనునపుడు నేను నవ్వుకొనుచుంటిని. నేడు నడుమును గూర్చి నేనే వ్రాయవలసి వచ్చినది. ఇది ప్రాణమునకు సంబంధించిన మాట గనుక శ్రద్ధతో చదువ వేడుచున్నాను.

మా పెద్దవదినగారు, అనగా నా భర్తకు అక్కగారు, ఒక పల్లెటూర కాపురమున్నారు. నలువదియెనిమిదేండ్ల వయస్సు. పిల్లల పెండ్లిండ్లు అయిన పిమ్మట వారికి ఒళ్లు వచ్చినది. చూచినవారెల్లరు “పాపము, ఇప్పటికి సుఖపడినది” అని సంతోషించిరి. నేనును అట్లే యంటిని. గడచిన వేసవిలో వారికి మెట్లెక్కిన ఆయాసమును, వీపున నొప్పియు, దవడ లాగుటయు కలుగజొచ్చినవి. వాయువనుకొని వామునీళ్లు త్రాగి, మూడుదినములు వంట మానక చేసిరి. నాలవనాడు వడియములు పెట్టుచు కూలబడిరి. ఆసుపత్రికి చేర్చిన పిదప అది గుండెపోటని తెలిసినది. దైవానుగ్రహమున బ్రతికిరి గాని, గుండెకు కలిగిన నష్టము పూర్తిగా తీరునది కాదని వైద్యులు చెప్పిరి. రక్తపుపోటు ఎన్నాళ్లనుండి యున్నదని వారడుగగా మాలో నెవ్వరికిని బదులు తోచలేదు. ఒక్కమారైనను కొలిపించి యుండలేదు. ఆ మౌనము నన్ను నేటికిని బాధించుచున్నది.

గుండెజబ్బు పట్టణములలో కుర్చీలలో కూర్చుండు మగవారికి వచ్చునదనియు, ఒళ్లు వంచి పనిచేయు పల్లెస్త్రీని అది సమీపింపదనియు మనలో నొక నమ్మకము కలదు. గోదావరి ప్రాంతమందలి 45 గ్రామములలో 2003-04లో ఒక యేడాది సంభవించిన మరణములను పరిశోధకులు విచారించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 32 మరణములకు గుండె, రక్తనాళముల వ్యాధులే కారణమని తేలినది. అంటురోగములవలని మరణములు నూటికి 12 మాత్రమే.

దేశమంతట చేసిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 2015-16లో గ్రామస్త్రీలలో నూటికి 15 మంది ఎత్తునకు మించిన బరువు గలవారు. 2019-21 నాటికి వారు దాదాపు 20 మందియైరి. అదే గ్రామములలో మరియొక 21 మంది ఉండవలసినంత బరువైనను లేనివారు. చరకసంహితయందు అతిస్థూలుని, అతికృశుని ఇరువురిని నింద్యులలోనే చేర్చిరి. మన పల్లెలలో ఈ రెండు కీడులును ప్రక్కప్రక్క యిండ్లలో కాపురమున్నవి.

ఒళ్లు ఎట్లు వచ్చుచున్నది? మన అమ్మమ్మలు రోకటితో దంచిరి, తిరుగలి విసరిరి, బావినుండి నీరు తోడిరి. నేడు ఆ పనులను మరలును కుళాయియు చేయుచున్నవి. ఇది మేలే, ఆ కష్టము మరల రావలెనని నే ననను. కాని పని తగ్గినను కంచములోని అన్నపురాశి తగ్గలేదు. పైగా అందరును తిన్న పిదప, మిట్టమధ్యాహ్నము దాటినంతట, కూర అడుగంటిన గిన్నెలు ముందిడుకొని ఊరగాయతో అన్నము తినుట మన గృహిణుల వాడుక. మిగిలినది పారవేయ మనసొప్పక మరి రెండు ముద్దలు తినుటయు కలదు.

త్రాసు ఒక్కటే నమ్మదగినది కాదు. 2004లో పుణెకు చెందిన యాజ్ఞికు గారును, లండనుకు చెందిన యడ్కిను గారును ఒక వైద్యపత్రికలో తమ్ము దామే యుదాహరణముగా చూపిరి. ఎత్తునుబట్టి లెక్కించిన బరువు ఇరువురికిని సమానమే. శరీరమందలి క్రొవ్వు మాత్రము లండను వైద్యునకు నూటికి 9 పాళ్లు, మన వైద్యునకు 21 పాళ్లు! మనవారికి క్రొవ్వు పొట్టలోపల చేరుట యెక్కువ. అచ్చటి క్రొవ్వు రక్తములో చక్కెరను, చెడుక్రొవ్వును, రక్తపుపోటును హెచ్చించి, గుండెకు రక్తమునిచ్చు నాళములను క్రమముగా ఇరుకుచేయును. ముట్లుడిగిన పిదప స్త్రీకి ఈ ముప్పు పెరుగును. గర్భముతో నున్నపుడు రక్తపుపోటుగాని మధుమేహముగాని వచ్చినవారు మరింత జాగరూకతతో నుండవలెను.

మన చీరకట్టు ఈ మార్పును ఎఱుకపరుపదు. లంగాబొందు ఎంత సడలించిన నంత సడలును. కనుక కుట్టుపనికి వాడు టేపుతో కొలుచుకొనుడు. నిలుచుండి, సహజముగా ఊపిరి విడిచి, కడపటి ప్రక్కటెముకకును తుంటియెముక పైయంచునకును నడుమ చుట్టుకొలత తీయవలెను. మన దేశస్త్రీకి అది 80 సెంటీమీటర్లు, అనగా ముప్పదియొకటిన్నర అంగుళములు, మించరాదు.

మించినచో భయపడి పస్తులుండవలదు. అన్నము ఒక గరిటె తగ్గించి, పప్పు, ఆకుకూర, కాయగూరలు హెచ్చించుడు. వేళకు, ఇంటివారితోపాటే తినుడు. ఉప్పు ఊరగాయలోని దానితో గూడ రోజుకు మనిషికి 5 గ్రాములు, అనగా ఒక చిన్నచెంచాడు, దాటరాదు. వారమునకు అయిదుదినములు అరగంటసేపు వడిగా నడువుడు. ఏటికొకమారైనను ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున రక్తపుపోటును, చక్కెరను చూపించుకొనుడు. పోటు 140/90కి తగ్గక నిలిచియున్నచో మందు తప్పదు. నలతగా లేదని దానిని మానరాదు.

మరియొక మాట మఱువకుడు. ఆడువారి గుండెపోటు ఒక్కొకప్పుడు ఎదనొప్పిగా రాదు. ఆయాసము, చెమటలు, వాంతి, విపరీతమైన నిస్సత్తువ, వీపునను దవడయందును నొప్పి దాని గుఱుతులు కావచ్చును. అవి హఠాత్తుగా వచ్చినచో వామునీళ్లతో కాలహరణము చేయక 108కి కబురుచేయుడు. పొయ్యిమీది కూర మాడినను మాడనిండు.

మా వదినగారు ఇప్పుడు సాయంకాలములందు చెరువుగట్టున నడచుచున్నారు. నడుము రెండంగుళములు తగ్గినది. “చిక్కిపోయినావు, ఏమి దిగులు పెట్టుకొంటివమ్మా?” అని ఊరివారు జాలిపడుచున్నారట! దిగులు పడవలసిన దినములలో సంతోషించితిమి గనుక, ఈ జాలికి మే మిప్పుడు నవ్వుకొనుచున్నాము.

ఈ పుట ముగించినవెంటనే కుట్టుపెట్టెలోని టేపు తీయుడు. మొదట మీ అత్తగారికి, పిదప మీకు. వచ్చు మాసమున ఉప్పును గూర్చి ముచ్చటించుకొందము.