టీ కాదు.. నాకు మీ ఇంట్లోలా కాఫీ!

పోయిన నెల నాలుగు రోజులు లీవు పెట్టి అరకులో మా పిన్ని వాళ్లింటికి వెళ్లా. ల్యాప్‌టాప్ తీయకూడదు, ఆఫీసు గ్రూపు చూడకూడదు.. ఇదీ ప్లాన్. తీరా వెళ్లేసరికి చెల్లి మంచం నిండా పుస్తకాలు పరుచుకుని కళ్లు తుడుచుకుంటోంది. నర్సింగ్ ఫస్టియర్. అనాటమీ ఒకసారి తప్పింది. సోమవారం మళ్లీ వైవా. ఈసారీ పోతే చదువు మానేస్తానంటోంది.

"ఏ చాప్టర్ రావట్లేదు?" అన్నా.

"నడుం కింద నుంచి ఏదీ రావట్లేదన్నయ్యా."

మనం ఇంజినీరింగ్ కదా! వెంటనే ఎక్సెల్ షీటు తెరిచా. లెక్క సింపులే. ఒక్కో వైపు తుంటి ఎముక 1, తొడలో ఫీమర్ 1, మోకాటి చిప్ప పటెల్లా 1, మోకాలి కింద టిబియా, ఫిబులా 2, పాదంలో 26. మొత్తం 31. రెండు పాదాల్లో కలిపి 52. అంటే ఒంట్లో ఉన్న 206 ఎముకల్లో దాదాపు పావు వంతు మనం చెప్పుల్లో పెట్టుకుని తిరుగుతున్నామన్నమాట!

రాత్రి పదిసార్లు అప్పజెప్పింది. పొద్దున్నే అడిగితే ఫిబులాని తీసుకెళ్లి పాదంలో పెట్టింది. అప్పుడు వెలిగింది నాకు. డేటా ఎక్కింది గానీ, ఏది ఎక్కడుందో అడ్రస్ ఎక్కలేదు.

పుస్తకం ఇంట్లో పడేసి ఇద్దరం కొండ మీది కాఫీ తోటవైపు నడిచాం. "పేరు చెప్పకు, ముందు నీ ఒంటి మీద వేలు పెట్టి చూపించు" అన్నా. మీరూ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో ట్రై చేయండి.

నడుం మీద చేతులు పెట్టుకుంటే గట్టిగా తగిలే అంచు ఇలియం. చెక్క బెంచీ మీద గంట కూర్చుంటే నొప్పి పుట్టేది ఇస్కియం. ముందువైపు కిందగా రెండు పక్కలా వచ్చి కలిసేది ప్యూబిస్. చిన్నప్పుడు ఈ మూడూ వేర్వేరు ఎముకలు. టీనేజీలో అతుక్కుని ఒక్క తుంటి ఎముక అవుతాయి. మూడూ కలిసే చోట గిన్నెలాంటి గుంట ఉంటుంది. దాని పేరు ఎసిటాబ్యులమ్, అంటే లాటిన్‌లో వెనిగర్ గిన్నె. ఫీమర్ తల అందులోనే తిరుగుతుంది. వెనక రెండు తుంటి ఎముకల మధ్య మేకులా దిగిన ముక్క సేక్రమ్, దాని చివర తోకలా కాక్సిక్స్. ఇవన్నీ కలిస్తే పెల్విస్.

ఇప్పుడు తొడ పైభాగంలో, పక్కగా అరచెయ్యి ఆనించి కాలిని లోపలికీ బయటికీ తిప్పండి. చేతి కింద ఒక బుడిపె కదులుతుంది. అదే గ్రేటర్ ట్రొకాంటర్. చీకట్లో మంచం కోడుకి కొట్టుకుని మనల్ని గెంతించేది టిబియా. చీలమండ దగ్గర లోపలి గుబ్బ టిబియాది, బయటి గుబ్బ ఫిబులాది. బయటిది కాస్త కిందికి ఉంటుంది, చూసుకోండి. చెల్లి ఇక ఫిబులాని పాదంలో పెట్టలేదు.

మిగిలింది పాదం. వేళ్లలో 14 ఎముకలు.. బొటనవేలికి రెండే, మిగతా వాటికి మూడేసి. వాటి వెనక 5 మెటాటార్సల్స్. ఇంతవరకూ ఓకే. మడమ వైపున్న 7 టార్సల్స్ దగ్గర మళ్లీ హ్యాంగ్! టాలస్, కాల్కేనియస్, నావిక్యులర్, మూడు క్యూనిఫామ్‌లు.. మీడియల్, ఇంటర్మీడియట్, లాటరల్.. చివరికి క్యూబాయిడ్. ఇంగ్లిష్‌లో వీటికో పులిపిల్లల వాక్యం ఉంది. చెల్లికి అది కూడా బట్టీ పట్టాల్సిన ఇంకో లైనే అయింది.

ఇంటికొచ్చాక పిన్ని అడిగింది, "టీ పెట్టనా?" అని. 2019లో జీఐ ట్యాగ్ తెచ్చుకున్న కాఫీ ఊళ్లో టీ ఏంటి! "టీ కాదు పిన్నీ, నాకు మీ ఇంట్లోలా కాఫీ" అన్నా. చెల్లి ఒక్క ఉదుటున లేచింది. టీ.. టాలస్. కాదు.. కాల్కేనియస్. నాకు.. నావిక్యులర్. మీ.. మీడియల్. ఇంట్లో.. ఇంటర్మీడియట్. లా.. లాటరల్. కాఫీ.. క్యూబాయిడ్! ఏడూ వరసలో!

కాఫీ తాగుతూ నేనో చెత్త ప్రశ్న వేశా. "అయినా ఇవన్నీ ఇప్పుడు గూగుల్‌లో ఉంటాయి కదా?"

చెల్లి నవ్వలేదు. "తుంటికి ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఈ ఎముకలే గుర్తులన్నయ్యా. అరచెయ్యి ట్రొకాంటర్ మీద, చూపుడు వేలు ఇలియం ముందు కొస మీద, మధ్య వేలు ఇలియం అంచు వెంట వెనక్కి చాచాలి. సూది ఆ రెండు వేళ్ల మధ్యలో దిగాలి. చోటు తప్పి సయాటిక్ నరానికి తగిలిందనుకో, పాదం పైకి లేవకుండా పోవచ్చు."

తర్వాత డోలీల గురించి చెప్పింది. ఇక్కడి కొండల మీద రోడ్డు లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. కర్రకి దుప్పటి కట్టి, గర్భిణుల్నీ దెబ్బ తగిలినవాళ్లనీ భుజాల మీద మోసుకుని రోడ్డు దాకా దింపుతారు. "ఎవరైనా లోయలో పడి పెల్విస్ విరిగితే రక్తం లోపలే పోతుంది, బయటికి కనబడదు. కదిలించకముందే గుడ్డతో చుట్టూ బిగించాలి. అది నడుంకి కడితే లాభం లేదు, రెండు ట్రొకాంటర్ల మట్టంలో పడాలి. అక్కడ సిగ్నల్ ఉండదు. గూగుల్‌ని ఎవర్నడగను?"

నా దగ్గర జవాబు లేదు. మా ఆఫీసులో ఒక పేరు తప్పు కొడితే ప్రోగ్రాం ఎర్రర్ చూపిస్తుంది, దిద్దుకుంటాం. తనకు ఆ చాన్స్ ఉండదు.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. వైవాలో తుంటి ఎముక చేతికిచ్చి, ఇది కుడిదా ఎడమదా అన్నారట. ఒక్క క్షణం బ్లాంక్ అయిందట. తర్వాత వెనిగర్ గిన్నె బయటికి, ప్యూబిస్ ముందుకి ఉండేలా తిప్పి, ఎముకని తన తుంటికే ఆనించి చూసుకుని, "కుడిది మేడమ్" అందట.

రిజల్ట్ ఇంకా రాలేదు. చదువు మానేసే మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు చేతి ఎముకలు మొదలెట్టిందట.. వాటికీ ఒక కాఫీ వాక్యం కావాలని రోజూ మెసేజ్ పెడుతోంది!