మందు సిద్ధం, మోసుకెళ్లేదెవరు?

పోర్చుగల్ ఉత్తర తీరంలోని జాలరి కుటుంబాలను తరతరాలుగా ఒక జబ్బు వెంటాడింది. ముప్పై దాటీ దాటకముందే పాదాలు తిమ్మిరెక్కేవి. తర్వాత వేడీ చల్లనా తెలిసేది కాదు. క్రమంగా నడక పోయేది, కొన్నేళ్లకు ప్రాణమూ పోయేది. కొరీనో ఆండ్రాడే అనే నరాల వైద్యుడు 1952లో దాన్ని సవివరంగా నమోదు చేశారు. కాలేయంలో తయారయ్యే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ జన్యులోపం వల్ల ఆకారం చెడి నరాల్లో, గుండెలో పేరుకుపోవడమే ఈ జబ్బుకు మూలమని ఆ తర్వాత తేలింది. చాలాకాలం కాలేయ మార్పిడే దిక్కయింది. 2018 ఆగస్టులో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనికి ‘పటిసిరాన్’ అనే మందును అనుమతించింది. చెడ్డ ప్రొటీన్‌ను శుభ్రం చేయడం కాదు, అసలు దాన్ని తయారుచేయమనే జన్యు ఆదేశాన్నే ఈ మందు ఆపేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ పద్ధతిలో ప్రపంచానికి అందిన తొలి ఔషధం ఇదే.

ఆ పద్ధతి గుట్టు బయటపడింది మాత్రం 1998లోనే. ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో చిన్న నులిపురుగుల్లోకి జంట పోగుల ఆర్‌ఎన్‌ఏను ఎక్కించి చూస్తే, దానికి సరిపోలే జన్యువు పనిచేయడం మానేసింది. 2006లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఈలోగా 2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందం, ఇరవై ఒక్క అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో మనిషి కణాల్లోనూ ఈ పని చేయించవచ్చని చూపింది. జన్యువు పంపే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏను ఈ ముక్క గుర్తుపడుతుంది, కణంలోని ఎంజైమే ఆ మెసెంజర్‌ను తుంచేస్తుంది. జన్యువు అక్షరక్రమం తెలిస్తే చాలు, దానికి మందు రాసుకోవచ్చు. ఇంత సులువైన సూత్రం వైద్యంలో అరుదు.

మరి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది? ఆ ముక్కను కణంలోకి చేర్చే దారి లేక. ఉత్త ఆర్‌ఎన్‌ఏను రక్తంలోకి ఎక్కిస్తే ఎంజైములు నిమిషాల్లో కొరికేస్తాయి, మిగిలింది మూత్రపిండాలు వడగట్టి బయటికి పంపేస్తాయి. అది రుణావేశం గల పెద్ద అణువు కనుక కణం పైపొర దాన్ని లోపలికి రానివ్వదు. పైగా మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని వైరస్ అనుకుని విరుచుకుపడొచ్చు. 2006లో ఔషధ కంపెనీ మెర్క్ ఈ రంగంలోని ఒక చిన్న కంపెనీని వంద కోట్ల డాలర్లకు పైగా పోసి కొన్నది. నాలుగేళ్లకు మరో ఔషధ కంపెనీ రోష్ ఈ రంగంలో చేతులెత్తేసింది. మెర్క్ కూడా చివరికి తాను కొన్నదాన్ని అందులో ఆరోవంతు ధరకే వదిలించుకుంది.

ఆ గడ్డు రోజుల్లో పట్టువదలకుండా, ఆర్‌ఎన్‌ఏను మోసే కొవ్వు రేణువుల మీద పనిచేసినవాళ్ల వల్లే దారి దొరికింది. కెనడాలోని వాంకూవర్‌లో పీటర్ కల్లిస్ బృందం కృషి ఇందులో కీలకం. పటిసిరాన్ రేణువు సుమారు వంద నానోమీటర్లు ఉంటుంది; నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు. నాలుగు రకాల లిపిడ్లను, అంటే కొవ్వు అణువులను ఆల్కహాల్‌లో, ఆర్‌ఎన్‌ఏను ఆమ్ల ద్రావణంలో కరిగించి, రెండింటినీ వేగంగా కలిపితే రేణువులు వాటంతటవే కట్టుకుంటాయి. అసలు పని ఆ నాలుగింటిలో ఒకదానిది. రక్తంలో ఆ లిపిడ్‌కు దాదాపు ఆవేశం ఉండదు, కాబట్టి హాని తక్కువ. రక్తంలోని అపోఈ అనే ప్రొటీన్ రేణువుకు అతుక్కుంటుంది. అది చూసిన కాలేయ కణం, రోజూ కొలెస్ట్రాల్‌ను తీసుకున్నట్టే దీన్నీ ఒక పొర సంచిలో చుట్టి లోపలికి తీసుకుంటుంది. సంచిలో ఆమ్లత పెరగగానే ఆ లిపిడ్ ధనావేశం పుంజుకుని పొరను చీలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది.

అయితే ఎంత బయటపడుతుంది? 2013లో సూక్ష్మదర్శినితో లెక్కగట్టినవారికి తేలింది ఒకటి, రెండు శాతమే. నూరు బిందెలు మోసుకొస్తే గంగాళంలో పడేది ఒకటి రెండు బిందెల నీళ్లన్నమాట. రోగి పడే శ్రమా తక్కువేం కాదు. మూడు వారాలకోసారి మందు ఎక్కించుకోవాలి, రేణువులకు ఒళ్లు ఎదురు తిరగకుండా గంట ముందే స్టెరాయిడ్, అలర్జీ మందులు తీసుకోవాలి, ఆ తర్వాత గంటకు పైగా సెలైన్ సీసాతో కూర్చోవాలి.

అందుకే కాలేయం వరకు నానో రేణువులను గాల్‌నాక్ అనే చక్కెర అణువు వెనక్కి నెట్టేసింది. ఆర్‌ఎన్‌ఏకు దాన్ని తగిలించి చర్మం కింద సూది వేస్తే, కాలేయ కణాలే పట్టి లాక్కుంటాయి. కొలెస్ట్రాల్‌ను తగ్గించే ఇన్‌క్లిసిరాన్‌ను తొలి విడతల తర్వాత ఏడాదికి రెండుసార్లు వేస్తే చాలు. పటిసిరాన్ తయారీదారే 2022లో అదే జబ్బుకు మూడు నెలలకోసారి వేసే వుట్రిసిరాన్ తెచ్చింది. నానో పద్ధతి ఓడిపోయిందని దీనికి అర్థం కాదు. కొవిడ్‌కు వచ్చిన ఫైజర్, మొడెర్నా టీకాలు నిలిచింది ఈ కొవ్వు రేణువుల మీదే. అసలు పరీక్ష కాలేయం దాటాక మొదలవుతుంది. ఊపిరితిత్తులు, మెదడు, క్యాన్సర్ గడ్డలు ఆ చక్కెర దారికి అందవు. టెక్సస్‌లో డేనియల్ సీగ్‌వార్ట్ బృందం 2020లో రేణువులో అయిదో లిపిడ్ చేర్చి, ఎలుకల్లో వాటిని ఊపిరితిత్తులకో ప్లీహానికో మళ్లించి చూపింది. మనుషుల్లో అలాంటి చికిత్స రోజువారీ వైద్యంలోకి రావడానికి ఇంకా చాలా పని మిగిలి ఉంది.

ఇక ధర. పటిసిరాన్‌కు 2018లో అమెరికాలో ప్రకటించిన వెల ఏడాదికి 4.5 లక్షల డాలర్లు. అప్పటి మారకంలోనే మూడు కోట్ల రూపాయలు దాటింది. మన అరుదైన వ్యాధుల విధానం కింద ఒక రోగికి ఇచ్చే సాయానికి గరిష్ఠ పరిమితి 50 లక్షలు. ఆ ధరకు అది రెండు నెలలకు సరిపోతుంది. కొనుగోలుతో తీరే సమస్య కాదిది, తయారీ తెలియాలి. ఆ తెలివి మనకు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జన్యువులను కణాల్లోకి చేర్చే లిపిడ్ల మీద హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఆ పక్కనే ఉన్న కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 2022లో దేశీయ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ టీకా పరిజ్ఞానాన్ని ప్రకటించింది. రసాయనాలు తెలిసినవాళ్లు, కణాలు తెలిసినవాళ్లు, చవకగా మందులు తయారుచేయడం తెలిసినవాళ్లు ఒకే నగరంలో ఉన్నారు.

ఆర్‌ఎన్‌ఏ ముక్క రాయడం ఇప్పుడు ఎక్కడైనా సాధ్యమే. విలువలోనూ పేటెంట్లలోనూ చాలా భాగం దాన్ని మోసుకెళ్లే సాధనం చుట్టూనే ఉంది. కేంద్ర ప్రభుత్వమూ తెలంగాణ ప్రభుత్వమూ ఈ రంగానికి డబ్బు కేటాయించదలిస్తే, కొత్త లిపిడ్ల తయారీకీ, వాటి భద్రతా పరీక్షలకూ ముందుగా ఇవ్వాలి.