చిత్రముల పెట్టెలో బరువెక్కడ నున్నది?

బియ్యపు డబ్బా నిండినదో లేదో మూత తీసి చూచినచో తెలియును. బట్టల బీరువా నిండినచో తలుపు పడదు. సెల్ ఫోనులోని ఛాయాచిత్రముల పెట్టె మాత్రము అట్టిది కాదు. అది నిండిన సంగతి దానంతట అది చెప్పినప్పుడే మనకు తెలియును. చెప్పుటయు సరిగా పని పడిన వేళనే చెప్పును. సద్దుల బతుకమ్మను పేర్చి, వాకిట నిలిపి, చిత్రము తీయబోవునంతలో "స్థలము చాలదు" అని తెరపై ఒక మాట నిలుచును. అంతట మన గృహిణి యేమి చేయును? తొందరలో చేతికందిన పాత చిత్రములను పదియో యిరువదియో చెరిపివేసి, ఆ పూటకు పని గడుపుకొనును. నాలుగు దినములైన పిమ్మట మరల అదే మాట, మరల అదే చెరుపుట. ఈ తొందరలో పోవునవి తరచుగా తిరిగి సంపాదింపరానివి. మిగిలియుండునవి మనకు అక్కరయే లేనివి. కాబట్టి ఈ మాసమున ఈ విషయమును గూర్చి ముచ్చటింపదలచితిమి.

ఈ నష్టము ఎవరికైనను నష్టమే గాని, గోదావరిఖని, రామగుండము, యైటింక్లైన్ కాలనీ మొదలగు చోట్ల కాపురముండు మన సోదరీమణులకు మరింత యెక్కువ. కారణము వినుడు. బొగ్గుబావిలో మీథేను అను మండు వాయువు ఉండును గనుక, అగ్గిపుల్ల గాని, బీడీ గాని, మనము వాడు సాధారణపు సెల్ ఫోను గాని లోపలకు కొనిపోరాదు. ముప్పది యేండ్లు భూమి లోపల పనిచేసిన మనుష్యునకు ఆ పనిచోట తీసిన చిత్రము ఒక్కటియు లేకపోవుట వింత కాదు. ఉన్నచో బావి మొగదల, తలపై టోపీ, దానికి దీపము, తోడివారి నడుమ నిలుచుండగా తీసిన గుంపు చిత్రమొక్కటి యుండును. దానిని ఎవరో వాట్సాపులో పంపియుందురు. అది ఫోనులో ఏ మూలనో పడియుండును. చూచుటకు మసక, పరిమాణమున చిన్నది. చెరుపుటకు చేతికి మొదట వచ్చునది అట్టిదే.

ఇక ఊరి సంగతి. 1971లో ఆరంభమైన 62.5 మెగావాట్ల రామగుండము బి-థర్మల్ కేంద్రము 2024లో మూతపడినది. ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, 2021లో కొత్త సంస్థ పేర మరల ఉత్పత్తి ప్రారంభించినది. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించినకొలది బొగ్గుబెల్టులో కొన్ని పల్లెలు తావులు మార్చుకొనవలసి వచ్చినవి. 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు మించి కార్మికులుండగా, నేడు వారి సంఖ్య నలువది వేల ప్రాంతమునకు దిగినది. ఉద్యోగ విరమణము కాగానే కంపెనీ క్వార్టరును ఖాళీ చేయవలెను. పిల్లలు హైదరాబాదునకో విదేశమునకో పోయినవారు. ఆ క్వార్టరు ముందరి వేపచెట్టును గాని, గోడ మీది పేరును గాని రేపు చూడవలెనన్న చిత్రమున చూడవలసినదే. ఆ చిత్రములను కాపాడుట ఇంటి యిల్లాలి చేతిలో నున్నది.

పూర్వము ఫిల్ము చుట్టకు 36 చిత్రములు. పెద్దదైనను చిన్నదైనను ఆల్బములో ఒక్కొక్కదానికి ఒక్కొక్క చోటు. కనుక చిత్రముల సంఖ్యయే వాని పరిమాణమని మన మనస్సునకు అలవాటైనది. ఫోనులో ఆ లెక్క చెల్లదు. అచట ఒక్కొక్క చిత్రము, ఒక్కొక్క వీడియో ఒక్కొక్క ఫైలు. ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క బరువు. ఆ బరువును మెగాబైట్లలో కొలుతురు. వేయి మెగాబైట్లు సుమారుగా ఒక గిగాబైటు. తెరపై మాత్రము తేలికదియు బరువైనదియు ఒకే కొలత గల చిన్న గడిలో కనబడును. కన్ను మోసపోవుట ఇచ్చటనే.

కొంచెము లెక్క వేసి చూతము. వాట్సాపులో వచ్చిన చిత్రము దారిలో కుదింపబడి వచ్చును గనుక సుమారు 0.2 మెగాబైటు ఉండును. మన ఫోనుతో మనమే తీసిన చిత్రము సాధారణముగా 2 మొదలు 5 మెగాబైట్లు. వీడియో యన్ననో, మామూలు హెచ్.డి. నాణ్యతతో నిమిషమునకు 60 మొదలు 130 మెగాబైట్లు. 4కె అను పెద్ద నాణ్యతతో తీసినచో నిమిషమునకు 170 మొదలు 350 మెగాబైట్ల వరకు పోవచ్చును. ఇప్పుడు వినుడు. మీరు మనస్సు చంపుకొని నూరు పాత వాట్సాపు చిత్రములను చెరిపివేసినచో మీకు దక్కునది 20 మెగాబైట్లు. అనగా హెచ్.డి. వీడియోలో పది, ఇరువది సెకండ్ల చోటు! పిల్లవాని పాఠశాల వార్షికోత్సవమున తీసిన అయిదు నిమిషముల నాట్యపు వీడియో యొక్కటి అట్టి చిత్రములు మూడు వేలంతటి చోటు నాక్రమించియుండవచ్చును. వాట్సాపులో వచ్చిన మాట యొక్క నిమిషము నిడివి గలదైనను అర మెగాబైటు కూడ నుండదు. కీర్తిశేషురాలైన అత్తగారి గొంతు వినిపించు ఆ చిన్న మాటను చెరిపి ఎవరును చోటు సంపాదింపలేరు.

కాబట్టి మేము చెప్పునది ఒక్కటే: చెరుపుటకు ముందు బరువైనవాటిని వెదకుడు. బొగ్గును పైకి తెచ్చిన పిమ్మట సి.హెచ్.పి.లో జల్లెడ పట్టుదురని మీరెరుగుదురు. పెద్ద ముక్కలు పైన నిలుచును, చిన్నవి క్రిందికి జారును. మన చిత్రముల పెట్టెకును అట్టి జల్లెడ యొకటి కావలెను. అది ప్రతి ఫోనులోను ఉన్నది గాని, దానిని తెరచి చూచువారు తక్కువ.

మొదటి జల్లెడ వాట్సాపులోనిది. సెట్టింగ్స్ తెరచి, స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ అను చోటికి పొండు. 5 మెగాబైట్లకు మించినవన్నియు ఒక గుంపుగాను, పలుమార్లు చేతులు మారి వచ్చినవి మరొక గుంపుగాను కనబడును. వాని క్రింద ఏ గుంపు నుండి, ఏ మనిషి నుండి వచ్చినవి ఎంత చోటు తినుచున్నవో పెద్దవి మొదలుగా వరుసగా నుండును. కాలనీ గుంపులలోను చుట్టముల గుంపులలోను దినదినము వచ్చిపడు హాస్యపు వీడియోలు, సినిమా ముక్కలు, శుభోదయపు బొమ్మలు ఎంత చోటును మ్రింగినవో చూచిన ఆశ్చర్యము కలుగక మానదు.

రెండవది ఫోనులోని ఫైల్స్ అను సాధనము. గూగుల్ వారి ఫైల్స్ యాప్ చాల ఆండ్రాయిడ్ ఫోనులలో ముందే యుండును. అందు వీడియోల భాగమును తెరచి, పెద్దవి ముందుగా వచ్చునట్లు క్రమము మార్చుకొనవచ్చును. పెద్ద ఫైళ్లను అదియే యేరి చూపును. మూడవది గూగుల్ ఫోటోస్ లోనిది. దానియందు స్టోరేజిని నిర్వహించు పుటలో పెద్ద చిత్రములు, వీడియోలు ఒకచోట, మసకబారినవి ఒకచోట, స్క్రీన్‌షాట్లు ఒకచోట ఏర్పరచి చూపుదురు.

ఇంట కంప్యూటరుండి, చిత్రములన్నియు అందు చేర్చియున్నచో మార్గము మరింత సులభము. చిత్రములున్న పెద్ద ఫోల్డరును తెరచి, పై మూలనున్న వెదకు గడిలో ఒక్క నక్షత్రపు గుర్తును కొట్టుడు. లోపలి ఫోల్డర్లలోని ఫైళ్లన్నియు ఒకే జాబితాగా వచ్చును. డీటెయిల్స్ అను వరుసలో చూచుచు, సైజ్ అను శీర్షికను నొక్కినచో బరువు ననుసరించి వరుస కట్టును. చిన్నవి ముందు వచ్చినచో ఇంకొకమారు నొక్కుడు. ఆ జాబితాలో మొదటి యిరువది పేర్లు చూచిన చాలును. చోటులో పెద్ద భాగము ఎచటికి పోయినదో తెలిసిపోవును.

అయితే సోదరీమణులారా, ఒక్క మాట మరువకుడు. బరువైనదంతయు చెత్త కాదు. జల్లెడ మనకు ఎక్కడ చూడవలెనో చెప్పును. ఏది ఉంచవలెనో చెప్పదు. స్టూడియోవారు ఇచ్చిన పెండ్లి చిత్రములు బరువుగానే యుండును. నాయనగారి పాత చిత్రమును శ్రద్ధగా స్కాను చేయించినచో అదియు బరువుగానే యుండును. ఒకే చిత్రము రెండు ప్రతులు కనబడినప్పుడు బరువైనదే సాధారణముగా అసలుది, తేలికది వాట్సాపు దారిలో నలిగినది. అట్టిచోట పెద్దదానిని ఉంచి చిన్నదానిని తీయవలెను గాని, అటు నిటు చేయరాదు. దూరముననున్న పిల్లలకు మంచి చిత్రము పంపదలచినచో వాట్సాపులో డాక్యుమెంటుగా పంపుడు. అప్పుడు అది కుదింపబడదు.

పెద్దవి కనబడిన పిమ్మట వానికి మూడు గతులు. మొదటిది, విడుచుట: ఊరివారు పంపినవి, రెండుమారులు తీసినవి, పొరపాటున నేలను తీసినవి. రెండవది, కత్తిరించుట: పండ్రెండు నిమిషముల జాతర వీడియోలో మనవారు కనబడునది అర నిమిషమే యైనచో, ఆ అర నిమిషమును వేరుగా కోసి కాపీగా దాచి, అది సరిగా ఆడునని చూచుకొని, మిగిలినదానిని తీయవచ్చును. మూడవది, తరలించుట: విడువ మనసొప్పనివానిని హార్డు డిస్కుకో పెన్ డ్రైవుకో మార్చవలెను. మార్చిన వెంటనే ఫోనులోనిదానిని చెరుపకుడు. అచ్చట తెరచి, మొదటినుండి చివరిదాక ఆడునో లేదో చూచిన తరువాతనే చెరుపుడు. మిక్కిలి విలువైనవి రెండు చోట్ల నుండవలెను. ఒకటి మీ యింట, రెండవది మరొక ఊర కొడుకు ఇంటనో కూతురు ఇంటనో. పెన్ డ్రైవు ఒక్కటియే ఆధారమని నమ్ముకొనుట మంచిది కాదు.

గూగుల్ ఫోటోస్ ను గూర్చి మన స్త్రీలలో ఒక భ్రమ కలదు. "పైన దాగియున్నది గదా" అని ఆ యాపులో చిత్రమును చెరిపివేయుదురు. ఆ యాపులో చెరిపినచో ఫోనులోనిదియు పోవును, పైన దాచినదియు పోవును. పైన దాచినది నిలిచి ఫోనులోనిది మాత్రమే పోవలెనన్నచో అందులోని ఫ్రీ అప్ స్పేస్ అను మార్గమునే వాడవలెను. పొరపాటున చెరిపినచో పైకి చేరిన చిత్రములు 60 దినములు బిన్ అను చెత్తబుట్టలో నుండును. ఐఫోనులో సాధారణముగా 30 దినములు. ఆ గడువులోపల తిరిగి తీసికొనవచ్చును. మరియు ఆ దాచు చోటును అనంతమైనది కాదు. ఉచితముగా నిచ్చునది 15 గిగాబైట్లు. ఉత్తరములకును ఫైళ్లకును కలిపియే ఆ చోటు. 2021 జూన్ 1 మొదలు పైకి చేర్చు చిత్రములును ఆ లెక్కలోనికే వచ్చుచున్నవి. పది నిమిషముల 4కె వీడియోలు మూడున్నర గిగాబైట్ల చొప్పున నాలుగు చేరినచో 14 గిగాబైట్లు నిండినట్లే. కనుక పెద్దవానిని ఏరిన తరువాతనే పైకి దాచుట వివేకము.

ఇంకొక హెచ్చరిక. ఫోను నిండినదని దుకాణమునకు తీసికొనిపోయినచో "అంతయు తుడిచి కొత్తదానివలె చేసి యిత్తును" అని చెప్పువారుందురు. అట్లు తుడిచినచో బావి మొగదలి చిత్రమును, పింఛను కాగితములకై తీసిన దంపతుల చిత్రమును, ధ్రువపత్రముల నకళ్లును అన్నియు ఒక్క పూటలో పోవును. అంతేకాక మన యింటి చిత్రములన్నియు పరాయి చేతిలో పెట్టినట్లగును. ఈ పనికి పండితురాలు కానక్కరలేదు. అక్షరములు చదువగలిగి, కొంచెము ఓపిక యున్న చాలును. తొలిసారి కొడుకునో కోడలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. వ్రేలు మాత్రము మీదే కదలవలెను. ఏది మనవారిదో, ఏది పరులదో మీకు తెలిసినంతగా వారికి తెలియదు.

రాబోవు ఆదివారము, ఇంటివారు షిఫ్టు లేక యింట నుండు వేళ, అరగంట దీనికై కేటాయింపుడు. మొదటి దినమున పది పెద్ద ఫైళ్లను మాత్రమే చూడుడు. అంతకు మించి వలదు. ఆ పదింటిలో ఆరు తీసివేయగలిగినను ఒక గిగాబైటు దాక చోటు దొరకవచ్చును, ఒక్క పాత చిత్రమును ముట్టకుండనే. ఇక బావి మొగదలి ఆ చిత్రము కనబడినచో, అందలి మనుష్యుల పేర్లు ఇంటివారిని అడిగి, ఎడమనుండి కుడికి వరుసగా ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. పేర్లు చెప్పగలవారు ఇప్పుడు మన యిండ్లలోనే యున్నారు.