కార్యాలయపు కంప్యూటరులో ఏ ఫోల్డరు లుండవలెను?

మన సహకార సంఘములలో పూర్వము తీర్మానముల పుస్తకము, వాటాధనపు రిజిస్టరు, నగదు పుస్తకము, సభ్యుల ఖాతాలు ఇనుప బీరువాలో నుండెడివి. ఆ బీరువా తాళము ఎవరియొద్ద నుండవలెనో, ఏ పుస్తకము చేతికందునట్లు ఉంచవలెనో, ఏది మూటగట్టి అటకమీద పెట్టవలెనో పాలకవర్గమువారు చెప్పెడివారు. 1904వ సంవత్సరమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది మొదలు నేటివఱకును లెక్కల పుస్తకములే సంఘమునకు ప్రాణము. ఇపుడా కాగితములలో పెక్కు కంప్యూటరునకును, అచ్చటనుండి క్లౌడు అను నిల్వకును చేరినవి. అయినను ఏ ఫోల్డరు కంప్యూటరులో నుండవలెను, ఏది క్లౌడులో మాత్రమే యుండవలెను అను ప్రశ్న పాలకవర్గపు బల్లమీదికి వచ్చుట అరుదు. యంత్రమును అమర్చిన కుఱ్ఱవాడు ఏది నొక్కెనో అదియే నిర్ణయముగా చెల్లుచున్నది. ఇది తగదని మా యభిప్రాయము.

క్లౌడనగా మేఘము. ఆ పేరు విని మన రైతులు వానను తలంచుట సహజమేగాని, ఇందు మేఘమునకు సంబంధించినదేమియు లేదు. దూరమున నెచ్చటనో పెద్ద భవనములలో వరుసలుగా నుంచిన కంప్యూటరులలో మన కాగితములను దాచుట మాత్రమే. గూగుల్ డ్రైవు, వన్‌డ్రైవు, డ్రాప్‌బాక్సు అనునవి ఇట్టి గిడ్డంగులు. మన కంప్యూటరులోని ఫోల్డరును ఆ గిడ్డంగిలోని ఫోల్డరుతో జతపఱచి, ఇచ్చట వ్రాసినది అచ్చటను, అచ్చట మార్చినది ఇచ్చటను దానంతటదే కనబడునట్లు చేయుటను సింకు చేయుట యందురు. గిడ్డంగిలోని సరకంతయు ఇంటికి తెచ్చుకొననక్కఱలేదు. కావలసిన ఫోల్డరులను మాత్రమే ఏర్పఱచుకొనవచ్చును.

2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఆ పథకములోని సంఘముల ఋణఖాతాలు దేశమంతటికి నొక్కటియైన సాఫ్టువేరులో నడచును గనుక వానిని గూర్చి మేమిచ్చట చెప్పుట లేదు. మేము చెప్పునది తక్కిన కాగితములను గూర్చి: తీర్మానముల నకళ్లు, వాటాదారుల జాబితా, ఎరువుల నిల్వ పట్టికలు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకుతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరములు, సభల ఛాయాచిత్రములు, సభ్యులిచ్చిన ఆధారు, పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు. ఇవన్నియు ఒకే క్లౌడు ఖాతాలో గుమ్మరింపబడి యుండుట సాధారణము.

అన్నియు కంప్యూటరులోనే యుండనిండు, నష్టమేమి యని కొందఱందురు. వారు లెక్క వేసికొనవలెను. విండోసు 11 నడచుటకే కనీసము 64 జీ.బీ. స్థలము కావలెనని దానిని చేసిన కంపెనీవారే చెప్పియున్నారు. 128 జీ.బీ. డిస్కు గల చిన్న యంత్రములో ఇక మిగులునది కొంచెము. ఇంటర్నెట్టు విషయమును చూడుడు. మొబైలు సిమ్ము మీదనే పని నడపు కార్యాలయమునకు దినమునకు 2 జీ.బీ. హద్దు గల పథకమున్నదనుకొందము. క్లౌడులో 40 జీ.బీ. పోగైయున్నయెడల దానినంతయు దించుకొనుటకు, మఱియే పనియు చేయకున్నను, 20 దినములు పట్టును. ఆ 20 దినములలో సభ్యుడు వచ్చి రశీదు అడిగినను, బ్యాంకుకు జాబు పంపవలసి వచ్చినను యంత్రము మొరాయించుచునే యుండును. గుమాస్తా మందకొడి వాడని నిందించువారు ఈ సంగతి యెఱుగరు.

ఏదియు కంప్యూటరులో నక్కఱలేదు, ఇంటర్నెట్టు ఎల్లచోటుల నున్నదిగదా యనువారు మఱికొందఱు. వీరు పట్టణమున కూర్చుండి మాటలాడుచున్నారని మాకు తోచుచున్నది. ఖరీఫు ఆరంభమున ఎరువుల బస్తాలకై సభ్యులు బారులు తీరియున్న దినముననే గాలివానకు స్తంభము కూలును, తంతి తెగును. బ్యాటరీతో కంప్యూటరు కొంతసేపు నడచినను నెట్టు రాదు. అప్పుడు ఏ సభ్యునికి ఎన్ని బస్తాలిచ్చితిమో చూపు పట్టిక క్లౌడులో భద్రముగా నుండియు మనకు కొఱగాదు.

కావున ఏర్పఱచుకొనుటకు మాకు తోచిన పద్ధతి యిది. తెల్లవాఱి తలుపు తెఱచిన వెంటనే, నెట్టు లేకున్నను, సభ్యునకు సమాధానము చెప్పుటకు ఏ కాగితము కావలెను? అది కంప్యూటరులో నుండవలెను. సభ్యుల జాబితా, వాటాధనపు పట్టిక, నడుచు సంవత్సరపు బాకీల పట్టిక, ఈ పంటకాలపు ఎరువుల విత్తనముల నిల్వలు, ఇటీవలి రెండు మూడేండ్ల తీర్మానములు, ఉపనిబంధనలు ఇట్టివి. ఇవన్నియు కలిపినను బరువు కొంచెమే. అంకెల పట్టికలు, అక్షరముల కాగితములు స్థలమును తినవు. తినునవి ఛాయాచిత్రములును, వీడియోలును. సెల్లుఫోనుతో తీసిన చిత్ర మొక్కొక్కటి 4 ఎం.బీ. చొప్పున లెక్కించినను వేయి చిత్రములకు 4 జీ.బీ. అగును. గూగుల్ వారు ఉచితముగా నిచ్చు 15 జీ.బీ. కూడ, అందులోనే ఈ-మెయిలును చేరియుండుటచేత, నాలుగువేల చిత్రములకు ముందే నిండిపోవును. సర్వసభ్య సమావేశమున శాలువలు కప్పిన చిత్రములు సంఘమునకు ముచ్చటయే. కాని అవి క్లౌడులో నుండి, కావలసినపుడు కనబడిన చాలును. పాత సంవత్సరముల రశీదుల నకళ్లును అంతే.

మరల దొరకునవి, దొరకనివి అను భేదమును గూడ చూడవలెను. అడంగలు, 1-బి నకళ్లు ప్రభుత్వపు వెబ్‌సైటునుండి ఎపుడు కావలసిన అపుడు క్రొత్తగా తీసికొనవచ్చును. నిరుటి నకలుకంటె నేటిదే మేలు. వానిని కంప్యూటరులో పోగుచేయుట ఎందులకు? ముప్పదియేండ్లనాటి తీర్మానముల పుస్తకమును పుటపుటయు చిత్రించి యుంచినయెడల మాత్రము, చెదపట్టిన ఆ మూలపుస్తకము మరల దొరకదు. అట్టిదానిని క్లౌడులో నుంచుటయే గాక, వేఱొక డిస్కులోనికి ఎత్తి బీరువాలో పెట్టవలెను. సింకు చేసితిమి గనుక నకలున్నదని నమ్మరాదు.

ఈ మాట యెందుకనుచున్నామో కొంచెము వివరింతుము. రైతు తన ధాన్యములో తిండిగింజలను, విత్తనమును ఇంటి గాదెలో నుంచి తక్కినది గిడ్డంగికి పంపును. గాదెలోని గింజలు ఎలుకలు తిన్నను గిడ్డంగిలోనివి తఱుగవు. సింకు చేసిన ఫోల్డరు అట్టిది కాదు. ఇచ్చట చెఱిపిన అచ్చటను చెఱుగును. ఒక సంఘమున కంప్యూటరు నిండినదని ఎఱ్ఱ గుఱుతు వచ్చినదనుకొందము. చోటు చేయుదమని గుమాస్తా పాత ఫోల్డరునొకదానిని పట్టి డిలీటు నొక్కును. మెల్లగా అది క్లౌడునుండియు, అధ్యక్షుని ఇంటి కంప్యూటరునుండియు మాయమగును. గూగుల్ డ్రైవులోను, సొంత ఖాతాల వన్‌డ్రైవులోను చెఱిపినది 30 దినములు చెత్తబుట్టలో నుండును. ఆలోగా చూచుకొన్న మరల తెచ్చుకొనవచ్చును. సంఘములలో పాత ఫోల్డరు సంగతి ఆడిటరు వచ్చువఱకు ఎవరికిని జ్ఞాపకము రాదు. ఆడిటరు 30 దినములలో వచ్చునను నమ్మక మెక్కడిది?

చోటు కావలెనన్న చెఱుపనక్కఱలేదు. వన్‌డ్రైవులో చూజ్ ఫోల్డర్స్ అనుచోట ఆ ఫోల్డరు ఎదుటి టిక్కును తీసివేసిన చాలును; డ్రాప్‌బాక్సులో దీనినే సెలెక్టివ్ సింక్ అందురు. కంప్యూటరులోని ప్రతి పోవును, క్లౌడులోని ప్రతి యుండును. వన్‌డ్రైవులో ఫోల్డరుపై కుడిబొత్తము నొక్కి ఫ్రీ అప్ స్పేస్ అన్నను చోటు వచ్చును, పేరు మాత్రము కనబడుచుండును. నీలి మేఘపు గుఱుతున్నది నెట్టుతోగాని తెఱవబడదు. నిండు ఆకుపచ్చ వలయములో తెల్లని టిక్కున్నది ఎల్లప్పుడు కంప్యూటరులో నుండును. గూగుల్ డ్రైవు దారి కొంత వేఱు. అందు మిర్రర్ అను పద్ధతి నెన్నుకొన్న మై డ్రైవులోని సమస్తము కంప్యూటరులోనికి వచ్చును. స్ట్రీమ్ అను పద్ధతి నెన్నుకొన్న తెఱచినపుడే వచ్చును, నిత్యము కావలసిన ఫోల్డరులను మాత్రము ఆఫ్‌లైనులో నుంచుమని గుఱుతు పెట్టుకొనవచ్చును. చిన్న డిస్కు గల సంఘములకు రెండవదియే మేలు.

నడుచుచున్న ఖాతాల సాఫ్టువేరు తన లెక్కలను దాచుకొను ఫోల్డరును సింకులో పెట్టుట ప్రమాదము. సాఫ్టువేరు వ్రాయుచుండగా సింకు దానిని సగములో ఎత్తుకొనిపోయిన లెక్క చెడును. సాయంకాలము ఖాతా మూసిన తరువాత బ్యాకప్పు తీసి, ఆ బ్యాకప్పును పంపుడు. అట్లే ఒకే పట్టికను కార్యాలయమున గుమాస్తాయు, ఇంటివద్ద డైరెక్టరును నెట్టులేని వేళ దిద్దినయెడల ఒకటి రెండు ప్రతులుగా చీలును. ఏది నిజమైనదో తేల్చుట బాకీదారుని కిస్తీ తేల్చుటకంటె కష్టము. దిద్దు అధికారము ఒక్కచేతి కుండి తక్కినవారు చూచుటకు మాత్రమే అనుమతి యుండుట మంచిది.

మాకు అన్నిటికంటె ఆందోళన కలిగించునది సభ్యుల సొంత కాగితముల సంగతి. ఋణము కొఱకు రైతు తన ఆధారు నకలును, బ్యాంకు ఖాతా సంఖ్యను, వ్రేలిముద్రను సంఘమున కిచ్చును. పాలకవర్గములోని ప్రతివాని లాపుటాపునకు కాదు. అంతయు సింకు చేసిన డైరెక్టరు లాపుటాపు చెడి మరమ్మతు దుకాణమునకు పోయినపుడు దానితో ఊరందఱి కాగితములును పోవుచున్నవి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టమొకటి చేసినది. చట్టము మాట అటుంచినను, ఇతరుల ఇనుప పెట్టె తాళము మన జేబులో వేసికొని తిరుగుట మర్యాద కాదు. ఈ ఫోల్డరు కార్యాలయపు యంత్రమున తప్ప మఱెచ్చటను సింకు కాకూడదు. అచ్చటను ఋణపు పని ముగిసిన వెనుక టిక్కు తీసివేయవలెను.

క్లౌడు ఖాతా గుమాస్తా సొంత ఈ-మెయిలు పేర నున్న సంఘములు ముందు దానిని సంఘము పేర మార్చుకొనుడు. అతడు ఉద్యోగము మానిననాడు బీరువాతో సహా వెడలిపోయినట్లగును గదా!

వచ్చు పాలకవర్గ సమావేశమున ఈ విషయము నొక అంశముగా చేర్చవలెనని మా ప్రార్థన. కంప్యూటరు తెలిసినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఫోల్డరుల పేర్లు ఒక్కొక్కటిగా చదివించి, ఇది ఇచ్చట, ఇది క్లౌడున మాత్రమే అని తీర్మానముల పుస్తకమున వ్రాయించుడు. అరగంట పని. ఖరీఫునకు ముందొకసారి, రబీకి ముందొకసారి మరల చూచిన చాలును. గడచిన కాలపు పట్టికలు దిగిపోవును, క్రొత్తవి ఎక్కును. క్లౌడున మాత్రమే యుంచిన ఫోల్డరుల పేర్లను ఒక కాగితముమీద వ్రాసి యంత్రము ప్రక్క గోడకు అంటించుడు. లేనియెడల రేపు వచ్చు క్రొత్త గుమాస్తా అవి కంప్యూటరులో కనబడకుండుట చూచి పోయినవని తలంచి, అదే పేరుతో క్రొత్త ఫోల్డరు తెఱచి, మొదటినుండి వ్రాయ నారంభించును.