ప్రశాంత తటాకమునకు ఒకనాటి నడక

తటాకదర్శనమను మాట వినబడినతోడనే మన విద్యార్థులు పాకాల పేరెత్తుదురు. 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుని కాలమున నిర్మింపబడి, అరణ్యమధ్యమున నున్న ఆ తటాకము చూడదగినదే. కాని జగిత్యాల, కోరుట్లలనుండి ఒక్కదినమున పోయివచ్చువారికి నడక పోయి ప్రయాణమే మిగులును. కావున తొలినడక సమీపజలాశయమునకే యుండవలెనని మా యభిప్రాయము. సిరిసిల్ల ప్రాంతమున, గంభీరావుపేట మండలములో, మానేరుపై నర్మాల కడ నిజాము పాలనాకాలమున కట్టిన ఎగువ మానేరు అందుకు తగినది.

చేరువనున్నదని చులకన చేయరాదు. 2025 ఆగస్టు వరదలలో అచట చిక్కువడిన రైతులను హెలికాప్టరుతో రక్షింపవలసివచ్చెను. మత్తడి దుముకు దినములలో పోనే పోరాదు. వానలు వెనుకబడిన మార్గశిరము మేలు.

పలువురు బయలుదేరు వేళను ముందుగా నిర్ణయింతురు. తిరుగువేళను ముందుగా నిర్ణయింపవలెనని మేమందుము. శీతకాలమున సాయంకాలము 6 గంటలకు లోపలనే ప్రొద్దు క్రుంకును. కనుక 3 గంటలకే వెనుదిరుగవలెను. సద్దిమూట, త్రాగునీరు ఎవరివి వారు మోసికొనవలెను. పోవువారి పేర్ల పట్టిక ఒకటి ఉపాధ్యాయులకడ, ఒకటి ఊరిలో నుండవలెను. నిలిచిన నీరు తన లోతును చెప్పదు. ఈత వచ్చినవాడును దిగరాదు.

తల్లిదండ్రులారా! భయముచే పిల్లలను నిలుపవలదు. ఎప్పుడు వత్తురు, ఎవరితో పోదురు అని యడిగి, సరియైన యుత్తరము వచ్చినచో పంపుడు. విద్యార్థులారా! నిశ్శబ్దమును వెదకిపోవు మీరు దానిని చెరుపక తిరిగిరండు.