నిద్రపోతున్న తప్పు

‘సర్వర్ కొత్తగా మార్చారండీ, రెండ్రోజులాగి రండి.’ బ్యాంకు కౌంటరు దగ్గరో, కరెంటు బిల్లు కట్టే చోటో ఈ మాట వినని ఇల్లుండదు. నిన్నటి దాకా చక్కగా నడిచిన కంప్యూటరు కొత్త సాఫ్ట్‌వేర్ వేయగానే ఎందుకు మొరాయిస్తుంది? కొత్తది చెడ్డది కాబట్టి అని అందరూ చటుక్కున అనేస్తారు. చాలాసార్లు అసలు తప్పు పాతదే. ఏళ్ల తరబడి ఏదో మూల నిద్రపోతూ ఉంటుంది. చుట్టుపక్కల ఏదైనా మారగానే లేచి కూర్చుంటుంది. అలాంటి తప్పు ఎంత ఖరీదైనదో, దాన్ని ఎలా పట్టుకుంటారో చూడాలంటే నెల్లూరు తీరానికి వెళ్లాలి.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది కానీ, 2022 దాకా నెల్లూరు జిల్లాదే. అక్కణ్నుంచి 1993 సెప్టెంబరు 20న తొలి పీఎస్‌ఎల్‌వీ పైకి లేచింది. లోపల ఐఆర్ఎస్-1ఇ ఉపగ్రహం. మొదటి దశ బాగా మండింది. రెండోదీ మండింది. రెండో దశ విడిపోయి మూడోది పని అందుకోవాల్సిన సమయంలో ఎవరూ అనుకోనంత పెద్ద కుదుపు వచ్చింది. రాకెట్ అదుపు తప్పింది. ఉపగ్రహంతో సహా సముద్రం పాలైంది.

సముద్రంలో మునిగిన రాకెట్‌ను మెకానిక్ షెడ్డులో లాగా విప్పి చూడటం కుదరదు. శాస్త్రవేత్తల చేతిలో మిగిలింది టెలిమెట్రీ ఒక్కటే. అంటే, రాకెట్ ఎగురుతూ ఎగురుతూ రేడియోలో కిందికి పంపిన అంకెలు. ఏ క్షణాన ఎంత వంగింది, కంప్యూటరు ఏ ఆదేశమిచ్చింది, ఇంజిన్ ఎటు తిరిగింది... అన్నీ అందులో ఉంటాయి. వాటిని వరసగా పేర్చుకుంటూ వెళితే తప్పు దొరికింది. రాకెట్ ముక్కు పైకీ కిందికీ ఊగకుండా సరిదిద్దే ప్రోగ్రాములో ఉందది. ఆ ప్రోగ్రాము ఇచ్చే ఆదేశానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆదేశం ఆ గీత లోపల ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. గీత దాటితేనే తప్పు బయటపడుతుంది! విడిపోయేటప్పుడు వచ్చిన ఆ పెద్ద కుదుపు లేకపోయి ఉంటే, ఆ తప్పు ఇంకెన్నేళ్లు దాక్కునేదో.

తప్పు తెలిశాక దిద్దడం మరీ పెద్ద పని కాదు. 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ 804 కిలోల ఐఆర్ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది.

పీఎస్‌ఎల్‌వీ అప్పటికి కొత్త రాకెట్టు. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త బండికెక్కిస్తే ఏమవుతుందో యూరప్ చూసింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్-5 తొలిసారి ఎగిరింది. అంతకుముందు ఏరియాన్-4లో నమ్మకంగా పనిచేసిన దిశ చూపే సాఫ్ట్‌వేర్‌నే ఇందులోనూ పెట్టారు. బాగున్నదాన్ని ఎందుకు కదిలించడం అనుకున్నారన్నమాట. కానీ కొత్త రాకెట్ పాతదానికన్నా వేగంగా పక్కకు సాగుతుంది. ఆ వేగానికి సంబంధించిన అంకెను దాచడానికి ప్రోగ్రాములో ఇచ్చిన చోటు 32,767 వరకే పడుతుంది. సోలెడు గిన్నెలో కుంచెడు బియ్యం పోసినట్టయింది. దాదాపు 37 సెకన్లకు కంప్యూటరు చేతులెత్తేసింది. అండగా ఉంటుందని పెట్టిన రెండో కంప్యూటరు సంగతి? అందులోనూ అదే సాఫ్ట్‌వేర్! అది ఇంకా ముందే ఆగిపోయింది. నాలుగు ఉపగ్రహాలు బూడిదయ్యాయి. విచిత్రమేమిటంటే, ఆ లెక్క చేసే భాగంతో ఏరియాన్-5కు నేల వదిలాక అసలు పనే లేదు. పాత రాకెట్టుకు అవసరమని రాసింది అలాగే వెంట వచ్చేసింది.

రాకెట్లు సరే, బ్యాంకు సర్వర్ల మాటేమిటి? అక్కడా కథ ఇలాంటిదే. కాకపోతే మంటా పొగా కనిపించవు.

ప్రపంచమంతటా వాడే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు జరిగింది వింటే తమాషాగా ఉంటుంది. లక్షల పేర్లలో ఒక పేరు వెతకడానికి డేటాబేస్ ప్రతి పేజీ తిప్పదు. నిఘంటువులో మాట వెతికినట్టు, వరసగా పేర్చిన సూచికను మధ్యకు తెరిచి, ముందుకో వెనక్కో జరుగుతుంది. మరి వరస ఏదో ఎవరు చెప్పాలి? పోస్ట్‌గ్రెస్ ఆ పనిని చాలాచోట్ల కంప్యూటరులోని లైనక్స్‌కే వదిలేసింది. 2018లో లైనక్స్ మూల లైబ్రరీ కొత్త కూర్పు వచ్చింది. అందులో అక్షరాలను పేర్చే వరస మారింది. మన ఇళ్ల డోర్ నంబర్లే తీసుకోండి. ఇంగ్లీషు పద్ధతిలో పేరిస్తే పాత కూర్పు ‘11’ని ముందు, ‘1-1’ని తర్వాత పెట్టేది. కొత్తది ‘1-1’ని ముందు పెడుతుంది.

అంతే! డేటాబేస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. కింది లైనక్స్‌ను మాత్రం అప్‌గ్రేడ్ చేశారు. సూచిక పాత వరసలో ఉంది, వెతికేది కొత్త వరసలో. దాంతో ఉన్న ఖాతాయే ‘లేదు’ అని వస్తుంది. లేదు కదా అని మళ్లీ నమోదు చేస్తే, ఒకే మనిషికి రెండు ఖాతాలు తయారవుతాయి. ఎర్రటి హెచ్చరికేదీ రాకుండా ఇలా జరగడమే ఇందులో భయపెట్టేది.

దీన్ని పట్టుకునే పద్ధతి మాత్రం చాలా సులువు. సూచికను పక్కన పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒక్కొక్కటీ చూడమనాలి. పోస్ట్‌మ్యాన్ చిరునామా వదిలేసి వీధిలో ప్రతి ఇంటి తలుపూ తట్టినట్టు. అలా వెతికితే దొరికి, సూచికతో వెతికితే దొరక్కపోతే దొంగ సూచికే. దాన్ని కొత్త వరసలో మళ్లీ కట్టిస్తారు. తెలిసిన ఇంజినీరు అందుకే ‘మీరేం మార్చారు?’ అని అడిగి ఊరుకోడు. ‘మీ కింద ఏం మారింది?’ అనీ అడుగుతాడు. అసలు సర్వరు మీద ప్రయోగాలు చేయడు. దాని నకలు తీసి, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి చూస్తాడు.

కంగారుపడి పాతదానికి తిరిగిపోతే సరిపోదా అంటారా? బ్రిటన్‌లోని ఆర్‌బీఎస్ బ్యాంకు 2012 జూన్‌లో ఆ పనే చేసింది. రాత్రిపూట లెక్కలు వరసగా నడిపించే సాఫ్ట్‌వేర్‌ను మార్చారు. తేడాగా అనిపించి దాన్ని తీసేశారు. తీసేస్తే ఏమవుతుందో ముందు పరీక్షించలేదు. పాత కూర్పు, మారిన లెక్కలతో పొసగలేదు. 65 లక్షల మంది ఖాతాదారులు ఇబ్బంది పడ్డారు. జీతాలు అందలేదు, చెల్లింపులు ఆగాయి. 2014లో నియంత్రణ సంస్థలు బ్యాంకుకు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. వెనక్కి నడవడానికీ దారి చూసుకోవాలి మరి.

శ్రీహరికోటలో ఇంకో తమాషా 2022 ఆగస్టు 7న జరిగింది. చిన్న ఉపగ్రహాల కోసం కట్టిన ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగమది. 75 ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు తయారుచేసిన ఆజాదీశాట్ కూడా అందులో ఉంది. రెండో దశ విడిపోతున్నప్పుడు కొద్ది క్షణాలు గట్టిగా కంపించింది. వేగం మార్పును కొలిచే పరికరాలు ఆ కాస్తసేపు తడబడ్డాయి. వాటిని కనిపెట్టుకుని ఉండే కాపలా ప్రోగ్రాము మాత్రం ‘ఇవి చెడిపోయాయి’ అని తీర్మానించేసింది! పరికరాలు నిక్షేపంగానే ఉన్నాయి. వాటి మాట వినడం మానేసిన రాకెట్ ముందే రాసిపెట్టిన దారిలో గుడ్డిగా సాగింది. 356 కిలోమీటర్ల గుండ్రటి కక్ష్యకు బదులు, ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో ఉపగ్రహాలను వదిలింది. అంత కిందికొస్తే గాలి ఊరుకోదు. అవి నిలవలేదు.

ఈసారీ అంకెలే సాక్ష్యం చెప్పాయి. ఇస్రో రెండు వైపులా దిద్దింది. కంపనం తక్కువగా ఉండేలా దశను విడదీసే ఏర్పాటు మార్చింది. చిన్న కుదుపుకే పరికరాలు చెడ్డవని తొందరపడకుండా కాపలా ప్రోగ్రాముకు మరికాస్త ఓపిక నేర్పింది. 2023 ఫిబ్రవరి 10న రెండో ఎస్ఎస్ఎల్‌వీ అదే తీరం నుంచి లేచింది. ఆడపిల్లలు చేసిన ఆజాదీశాట్-2 ఈసారి 450 కిలోమీటర్ల ఎత్తున కక్ష్యలోకి చేరింది.